చూడ్డానికి బాగానే ఉన్న పాపకు సర్టిఫికెట్: నా అనుభవం

మా పాపకు థలసీమియా మేజర్, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుకతో వచ్చే జబ్బు. ఐదేళ్లు నిండాయి. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒంట్లో పేరుకునే ఐరన్‌ను బయటికి పంపే మందు రోజూ పొద్దున్నే తాగించాలి. ఈ జబ్బుకు వికలాంగుల సర్టిఫికెట్ ఇస్తారన్న సంగతి మాకు చాలాకాలం తెలియదు. తెలిశాక అది చేతికి రావడానికి 2025 ఏప్రిల్ నుంచి దసరా దాటేదాకా పట్టింది. పరకాల, భూపాలపల్లి, ములుగు వైపు నుంచి హనుమకొండకు పిల్లల్ని రక్తానికి తెచ్చుకునే తల్లిదండ్రులు ఇప్పుడు నన్ను దీని గురించే అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి సగం మర్చిపోతున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

2020 వానాకాలం, కరోనా రోజులు. పాపకు ఎనిమిదో నెల. పాలు తాగుతూ తాగుతూ మధ్యలోనే అలిసిపోయేది. అరచేతులు తెల్లగా పాలిపోయాయి. మొదట చూపించిన చోట రక్తం తక్కువుందని ఐరన్ చుక్కలు రాశారు. నెల దాటినా మార్పు లేదు, పైగా పొట్ట ఉబ్బింది. హనుమకొండలో ఇంకో పిల్లల డాక్టరు పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, ప్లీహం పెరిగిందన్నారు. హిమోగ్లోబిన్ 4 చిల్లర. అంత తొందరలోనూ ఆయన రక్తం ఎక్కించకముందే, హిమోగ్లోబిన్ రకాలు తేల్చే హెచ్‌పీఎల్‌సీ పరీక్షకు శాంపిల్ తీయించారు. ఎక్కించాక తీస్తే దాత రక్తం కలిసిపోయి రిపోర్టు తేడా వస్తుందట. ఆ మొదటి రిపోర్టే ఐదేళ్ల తర్వాత మాకు సర్టిఫికెట్ ఇప్పించింది. కొత్తగా బయటపడ్డ పిల్లల తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది ఇదే: ఆ కాగితం ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి.

తర్వాత మా ఇద్దరికీ పరీక్ష చేశారు. ఇద్దరం క్యారియర్లమే, అంటే ఈ జబ్బు జన్యువును మోసేవాళ్లం. మాకు ఏ జబ్బూ ఉండదు, కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మాది మేనరికం కాదు. అయినా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ముందు అదే అడిగారు, ఆ తర్వాత మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నదో అడిగారు. నా తమ్ముడికి పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజులవి. వాడికీ పరీక్ష చేయిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, సంబంధం చెడిపోతుందని. ఆ గొడవ ఇంకా తెగలేదు, వదిలేస్తున్నా.

రక్తం ఎక్కించే చోట మాకు ఒక పుస్తకం ఇచ్చారు. వెళ్లిన ప్రతిసారీ తేదీ, బరువు, ఎక్కించకముందు హిమోగ్లోబిన్, బ్యాగు నంబరు అందులో రాయించుకోవాలి. హిమోగ్లోబిన్ 9కి తగ్గకుండా చూసుకోమన్నారు. రెండేళ్లు నిండేసరికి ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 1000 దాటింది, ఐరన్ తీసే మందు డెఫెరసిరాక్స్ మొదలైంది. పరగడుపున నీళ్లలో కరిగించి తాగించి, అరగంట ఆగాకే టిఫిన్ పెట్టాలి. ఆ అరగంట మా ఇంట్లో రోజూ యుద్ధమే. బయట కొంటే నెలకు రెండు వేలకు అటూ ఇటూ అయ్యేది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతుంది, స్టాక్ ఉన్న నెలల్లో. తెల్లకణాలను ఆపే ఫిల్టర్ లేదంటే అదీ బయట కొనాలి, ఏడెనిమిది వందలు. నాది పరకాలలో మోటార్ వైండింగ్ షాపు. యాసంగిలో మోటార్లు కాలిపోయే రోజుల్లో షాపు మూసి హనుమకొండ పోతే ఆ రోజు సంపాదన పోయినట్టే, రైతు ఇంకో షాపుకు పోతాడు.

వార్డులో పరిచయమైంది భూపాలపల్లి అక్క. ఆమె భర్త గనుల్లో కాంట్రాక్టు కార్మికుడు. కొడుకుకు 14 ఏళ్లు, వాడికీ ఇదే జబ్బు. రక్తం ఎక్కుతున్న నాలుగైదు గంటలూ మిగతా తల్లులు ఫోన్లు చూసుకుంటుంటే ఆమె ఎవరి పుస్తకం ఎలా ఉందో తిరగేస్తూ ఉండేది. మా పుస్తకంలో రెండుచోట్ల బరువు రాయలేదని సిస్టర్‌ను పిలిచి రాయించింది. 2025 మార్చిలో ఒకరోజు అడిగింది, "తమ్మీ, బిడ్డకు సర్టిఫికెట్ చేయించినవా?" అని. నాకు అర్థం కాలేదు. మా పాప పరుగెత్తుతుంది, చూస్తుంది, వింటుంది. వికలాంగుల సర్టిఫికెట్ ఎందుకిస్తారు?

అక్క పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం చివరి షెడ్యూలు. మొత్తం 21 రకాల వైకల్యాలు. అందులో రక్త సంబంధ రుగ్మతల కింద హీమోఫీలియా, థలసీమియా, సికిల్ సెల్ అని ఉంది. ఆమె దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకుంది. మన దగ్గర పాత సదరం విధానంలో ఏడు రకాలకే సర్టిఫికెట్ ఇచ్చేవారు కాబట్టి మనలాంటి వాళ్లు ఇన్నేళ్లూ అడగలేకపోయారని, 2025లో రాష్ట్రం యూడీఐడీ (దేశమంతా ఒకే రకం వికలాంగుల గుర్తింపు) కార్డులకు మారడంతో ఇప్పుడు 21 రకాలకూ దారి దొరికిందని చెప్పింది. ఈ సంగతి మాకు ఏ ఆఫీసూ చెప్పలేదు. పదో తరగతి చదివిన ఒక తల్లి చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ వద్దంది. పాపకు అలాంటి ముద్ర ఎందుకు, రేపు పెళ్లికి అడ్డం కాదా అని ఏడ్చింది. నాకూ లోపల అదే ఉంది. రెండు వారాలు దాని గురించి మాట్లాడుకోలేదు. చివరికి తనే, "కార్డు లేకపోతే రక్తం మానేస్తామా? ఉన్నదేదో రాయించుకుందాం" అంది.

ఏప్రిల్ రెండో వారంలో మీసేవకు వెళ్లా. యూడీఐడీ కోసం ఉన్న స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తుకు ఫీజు లేదు, సెంటర్ అతను నింపినందుకు, ప్రింట్లకు కలిపి వంద తీసుకున్నాడు. మొదటి అడ్డంకి ఆధార్ దగ్గరే. పాపది పసిపిల్లలప్పుడు తీసిన నీలం రంగు ఆధార్. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, కళ్లు ఇచ్చి అప్‌డేట్ చేయించాలి. అది చేయించలేదు, పైగా దానికి లింకైన నంబరు మా మామయ్య పాత సిమ్. ఓటీపీ రాదు. ఆధార్ సెంటర్‌లో టోకెన్, అప్‌డేట్ అయ్యేదాకా ఎదురుచూపు కలిపి మూడు వారాలు పోయాయి. మీ పిల్లలకు ఐదేళ్లు దగ్గరపడుతుంటే ముందు ఆ పని చూసుకోండి.

ఆ మూడు వారాలూ ఎండాకాలం నడిమధ్యలో పడ్డాయి. ఏప్రిల్, మే అంటే మాకు భయం. కాలేజీలకు సెలవులు, క్యాంపులు ఉండవు, రక్తం దొరకదు. థలసీమియా పిల్లలకు, రక్తానికి బదులుగా ఇంకో దాతను తెమ్మని అడగకుండా రక్తం ఇవ్వాలి. అయినా ఫ్రిజ్‌లో లేనిదాన్ని ఎవరు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు? పాపది బి నెగెటివ్. మే మొదట్లో హిమోగ్లోబిన్ 7కి దిగింది, రెండు రోజులు బ్యాగు దొరకలేదు. అక్క వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే హసన్‌పర్తి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు మధ్యాహ్నం ఎండలో బండి మీద వచ్చాడు. దాత బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, మగవాళ్లకు గత రక్తదానానికి మూడు నెలలు దాటాలి. ఇవన్నీ సరిపోయాయి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, ఒక మజ్జిగ ప్యాకెట్ తాగి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మా ఊరి యూత్ పిల్లలతో మాట్లాడి జూన్ 2న రాష్ట్రావతరణ రోజు క్యాంపు పెట్టించాం. అది వేరే కథ.

మే మూడో వారంలో దరఖాస్తు పడింది. వైకల్యం రకం దగ్గర థలసీమియా అని విడిగా ఉంది. సెంటర్ అతను పొరపాటున వేరేది నొక్కబోతే ఆపాను. మీరు కూడా పక్కనే నిలబడి చూడండి. నంబరు వచ్చింది. 2024 అక్టోబరులో మారిన నిబంధనల ప్రకారం దరఖాస్తు పెట్టిన మూడు నెలల్లోపు తేల్చాలి. జూన్ అంతా మెసేజ్ లేదు. జులై రెండో వారంలో వచ్చింది: ఫలానా రోజు పొద్దున 9 గంటలకు ఒరిజినల్స్‌తో రండి.

పరకాల నుంచి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మహాలక్ష్మి పథకం వచ్చాక తల్లీబిడ్డలకు జీరో టికెట్, టికెట్ నాకొక్కడికే. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఏడాది పొడుగునా తిరిగేవాళ్లకు తెలుస్తుంది దాని విలువ. ఆసుపత్రి పేరు చెప్పను. వరండాలో పెద్ద లైను. చక్రాల కుర్చీల్లో, చేతికర్రలతో, తల్లుల భుజాల మీద పిల్లలు. మా పాప ఆ లైను పక్కనే గెంతుతూ ఆడుకుంటోంది. వెనకున్న ఒక పెద్దాయన అడిగాడు, "ఎవరికి బాబూ?" అని. పాపను చూపించా. ఆయన ఇంకేం అనలేదు. సిగ్గుతో తల దించుకున్నా. దొంగ సర్టిఫికెట్లు చేయించుకునేవాళ్ల గురించి నేను కూడా ఎన్నిసార్లు తిట్టుకోలేదు? ఆ లైనులో నిలబడ్డంతసేపూ అందరూ నన్ను అలాగే చూస్తున్నారనిపించింది.

కౌంటర్ దగ్గర ఒకాయన పాపను పైకీ కిందికీ చూసి, "పోరి మంచిగనే నడుస్తున్నది కదా, ఏ కాలు?" అన్నాడు. రక్తం జబ్బు అన్నా. ఎముకల డాక్టరు గదికి పంపించాడు. అక్కడ గంటన్నర నిలబడితే డాక్టరు ఫైలు చూసి, ఇది నాది కాదని తిరిగి కౌంటర్‌కే పంపారు. ఆయన మర్యాదగానే చెప్పారు. కౌంటర్‌లో మాత్రం, "మా దగ్గర గిసొంటిది రాదు" అన్నాడు. నాకు కోపమొచ్చింది, గొంతు పెరిగింది. మా ఆవిడ పాపను బయటికి తీసుకెళ్లింది. అక్కకు ఫోన్ చేశా. "లొల్లి పెట్టకు తమ్మీ, కాగితం చూపెట్టు" అంది. షెడ్యూలు కాపీ, పోర్టల్‌లో మేమే థలసీమియా అని ఎంచుకున్న ప్రింటు, హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు వరసగా పెట్టి చూపించా. అతను లోపలికి తీసుకెళ్లి పావుగంటకు వచ్చాడు. రక్త జబ్బులు చూసే ఫిజీషియన్ ఆ రోజు వైకల్యం తేల్చే మెడికల్ బోర్డులో లేరట, మళ్లీ పిలుస్తారట. అది రాతపూర్వకంగా ఇవ్వమన్నా. ఇవ్వలేదు గానీ నా దరఖాస్తు వెనక తేదీ వేసి సంతకం పెట్టాడు. ఆ సంతకమైనా లేకపోతే మేమే రాలేదని రాసేసేవారేమో.

తిరుగు బస్సులో పాప అడిగింది, "డాడీ, ఇయ్యాల సూది లేదా?" అని. లేదన్నా. ఆసుపత్రికి వెళ్లీ సూది లేకుండా ఇంటికొస్తున్నందుకు అది మాత్రం సంబరపడింది.

ఆగస్టు మొదటి వారంలో రెండో పిలుపు. ఈసారి అక్క చెప్పినట్టు ఫైలు తయారు చేసుకున్నా. రక్తం పుస్తకం మొత్తం జిరాక్స్, ఫెరిటిన్ రిపోర్టులు తేదీల వరసలో, ప్లీహం కొలత ఉన్న స్కానింగ్, ఎత్తు బరువు చార్టు, ఏటేటా చేయించే కంటి, చెవి పరీక్షలు. డెఫెరసిరాక్స్ తాగే పిల్లలకు ఆ రెండూ ఎలాగూ చేయించాలి. స్కానింగ్ పాతదైతే ఒప్పుకోరని బయట కొత్తగా తీయించా, వెయ్యి రూపాయలు. డాక్టరమ్మ చిన్న వయసు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. ఎన్ని వారాలకోసారి రక్తం, ఐరన్ ఎంత, గుండె, కాలేయం ఎలా ఉన్నాయి, ఎదుగుదల ఎలా ఉంది అని అడుగుతూ తన దగ్గరున్న మార్గదర్శకాల పట్టికలో టిక్కులు పెట్టుకుంది. ఈ జబ్బుకు శాతం లెక్కించే పద్ధతి ఉందని, అది నడక చూసి వేసేది కాదని నాకు అప్పుడే తెలిసింది. పుస్తకంలో బరువు రాయని పేజీలు ఉంటే ఏమయ్యేదో! పాపను కూర్చోబెట్టుకుని, "నీ పేరేంటి, ఏం చదువుతున్నావ్" అని మాట్లాడింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. బయటికొచ్చాక మా ఆవిడ మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

తర్వాత మళ్లీ ఎదురుచూపు. పోర్టల్‌లో నంబరు కొట్టి చూడటం నాకు అలవాటైపోయింది, షాపులో కాయిల్ చుడుతూ మధ్యలో ఫోన్ తీసేవాణ్ని. సెప్టెంబరు చివర్లో సర్టిఫికెట్ డౌన్‌లోడ్ అయింది. దసరా పోయిన వారానికి పోస్టులో కార్డు వచ్చింది, పసుపు రంగు గీతతో. 40 శాతం లోపైతే తెలుపు, 40 నుంచి 79 దాకా పసుపు, 80, ఆపైన నీలం. మాది తాత్కాలికం, గడువు తేదీకి మళ్లీ బోర్డు ముందుకు వెళ్లాలి. తాత్కాలికం అన్న మాట చూసి మా అమ్మ, పాపకు నయమవుతుందన్నమాట అనుకుంది. నేను సరిదిద్దలేదు.

దానితో ఏమొచ్చిందో చెబుతా. పింఛను దరఖాస్తు ఇచ్చాం. వికలాంగులకు 2023 నుంచి నెలకు 4016 రూపాయలు ఇస్తున్నారు, మాది ఇంకా మంజూరు కాలేదు. బడిలో మాత్రం వెంటనే తేడా కనిపించింది. అంతకుముందు రక్తం ఎక్కించుకున్న మర్నాడు రాకపోతే డుమ్మా కింద రాసేవారు, ఇంకో పిల్ల తల్లి అయితే ఈ జబ్బు అంటుకుంటుందా అని టీచర్‌నే అడిగింది. కార్డు జిరాక్స్ ఇచ్చి, ఇది పుట్టుకతో వచ్చేదని ఒక పేజీ తెలుగులో రాసి ఇచ్చాక టీచరే తరగతిలో చెప్పింది. ఇప్పుడు సెలవు అడగాల్సిన పని లేదు. 40 శాతానికి తగ్గని ఈ సర్టిఫికెట్ చదువు విషయంలో ముందుముందు కూడా పనికొస్తుంది, ప్రభుత్వ కాలేజీల్లో వికలాంగులకు కేటాయించే 5 శాతం సీట్లు ఈ పిల్లలకూ వర్తిస్తాయి.

రైలు రాయితీ మాత్రం ఈ కార్డుతో సంబంధం లేనిది. థలసీమియా రోగికి, తోడు వెళ్లే ఒకరికి చికిత్స ప్రయాణంలో స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం తగ్గింపు ఉంది, దానికి డాక్టరు వేరే ఫారం నింపి సంతకం పెట్టాలి. ఏడాదికోసారి మేము హైదరాబాద్ శివరాంపల్లిలోని థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి వెళ్తాం. 1998లో మొదలైన ఆ సొసైటీలో పిల్లలకు ఉచితంగా రక్తం ఎక్కిస్తున్నారు. కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగడానికి ఆ ఫారం వాడుతున్నాం. కౌంటర్‌లో మొదటిసారి అడిగితే క్లర్క్ పుస్తకం తీసి వెతుక్కున్నాడు. దొరికింది, ఇచ్చాడు.

కార్డు వచ్చిందని చెప్పడానికి నవంబరులో రక్తం రోజున అక్కను కలిశా. సంతోషపడింది గానీ ఆమె మనసు వేరేచోట ఉంది. కొడుక్కి ఎముక మజ్జ మార్పిడి కోసం చాన్నాళ్లు తిరిగింది. కోల్ ఇండియా వాళ్లు 2017లో పెట్టిన బాల సేవా యోజనలో 10 లక్షల దాకా సాయం దొరుకుతుంది, కానీ చెల్లెలి హెచ్‌ఎల్‌ఏ (మజ్జ సరిపోతుందో లేదో తేల్చే పరీక్ష) కలవలేదు. ఆ ఆశ పక్కన పెట్టి ఇప్పుడు వాడి చదువు మీద పడింది. వాడు గవర్నమెంటు ఉద్యోగం అంటున్నాడు. చట్టంలో వికలాంగులకు ఉద్యోగాల్లో 4 శాతం ఉంది కదా అని ఆమె ఆ పేజీ కూడా తీయించింది. చూపు, వినికిడి, కాళ్లూచేతులు, ఆటిజం, మేధో వైకల్యం, మానసిక జబ్బులు అన్నీ ఉన్నాయి. రక్త రుగ్మతలు లేవు. సీటు ఇస్తారు, కొలువు ఇవ్వరు. అక్క ఆ పేజీని కూడా మడతపెట్టి పర్సులో పెట్టుకుంది.

గ్రూపులోని తల్లిదండ్రులం కలిసి ఒక వినతిపత్రం రాశాం. ఉద్యోగాల జాబితాలో థలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ చేర్చాలని ఒకటి, ప్రతి జిల్లా బోర్డులో రక్త జబ్బులు తెలిసిన డాక్టరు నెలకో నిర్దిష్టమైన రోజున ఉండాలని రెండోది. డిసెంబరులో, ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి తీసుకెళ్లి ఇచ్చాం. రసీదు నంబరు ఇచ్చారు. రెండోదానికి మాత్రం సంబంధిత శాఖకు పంపామని మెసేజ్ వచ్చింది, మొదటిది తమ చేతిలో లేదని, ఢిల్లీకి రాయమని అక్కడే నోటితో చెప్పారు. ఢిల్లీకి ఇంగ్లిష్‌లో రాద్దామనుకున్నాం, గ్రూపులో ఒక లెక్చరర్ గారు ఆ పని మీద ఉన్నారు.